నిప్పుల మీది వంట: విశాఖపట్నంలో బొంగు, చీకు, తందూరు, బార్బెక్యూ

1. ప్రస్తావన

ఓడరేవు, రైలు మార్గాలు, ఉక్కు కర్మాగారం విశాఖపట్నం స్వరూపాన్ని ఎలా మార్చాయో ఇంతకు ముందు భాగాలలో చదివారు. ఈ భాగంలో అదే మార్పును ఆహారం ఆధారంగా పరిశీలిద్దాం. ఆహారం చాలా విస్తృతమైన విషయం కాబట్టి అందులో ఒక్క అంశాన్నే తీసుకుంటున్నాం: నిప్పుల మీద వండే మాంసం.

ఈ రోజు విశాఖలో ‘బార్బెక్యూ’ అని బోర్డు పెట్టిన భోజనశాలలు ఉన్నాయి. అక్కడ బల్ల మధ్యలోనే చిన్న నిప్పుల గుంట ఉంటుంది. తినేవాళ్లే చువ్వలు తిప్పుకుంటారు. అదే నగరంలో సాయంత్రమయ్యేసరికి మద్యం దుకాణాల పరిసరాల్లో చీకుల బండ్లు నిలబడతాయి. జాతీయ రహదారి మీదికి వెళితే ధాబాల ముందు తందూరు పొయ్యిలు కనిపిస్తాయి. ఇక సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని అరకు లోయకు బయలుదేరితే, ఊరు చేరకముందే ఘాట్ రోడ్డు పక్కన వెదురు బొంగులు మంటలో కాలుతూ ఎదురవుతాయి.

వీటిలో ఏది రుచి అన్న వాదన విశాఖ కుర్రవాళ్ల మధ్య ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. అందులో మనం తలదూర్చనవసరం లేదు. చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్నలు వేరు. ఈ వంటకు పాత్ర ఏది, అది ఎవరి నేల మీద దొరుకుతుంది? నిప్పు దేనితో రాజేస్తారు? కొనేవాళ్లు ఏ దారిన వచ్చారు? ఇలా అడుగుతూ పోతే ఒక్కో పద్ధతి వెనక వంటవాడి నైపుణ్యం కంటే ఒక రోడ్డో, ఒక రైలో, ఒక చట్టమో ఎక్కువగా కనిపిస్తుంది. ఈ భాగంలో మేము చెప్పదలచుకున్నది ఇదే.

2. పదాలు చెప్పే సంగతులు

‘బార్బెక్యూ’ మాట కరీబియన్ దీవులలోని తైనో ప్రజలది. కర్రలతో మంచె లాంటి చట్రం కట్టి, దాని కింద నిప్పు పెట్టి మాంసాన్ని నెమ్మదిగా ఆరబెట్టి కాల్చేవారు. 16వ శతాబ్దిలో స్పెయిన్ వాళ్లు ఆ మాటను ‘బార్బకోవా’ అని రాసుకున్నారు. అక్కడి నుంచి అది ఇంగ్లీషులోకి వచ్చింది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈ వంట ప్రాంతానికో తీరుగా విడిపోయింది. కరోలినాలలో పంది మాంసానికి వెనిగర్ పులుపు పట్టిస్తారు. పశువుల మందలు విస్తారంగా ఉన్న టెక్సస్‌లో గొడ్డు మాంసం ప్రధానం. అక్కడ జర్మనీ, చెక్ ప్రాంతాల నుంచి వలస వచ్చిన మాంసం వ్యాపారుల ప్రభావం ఉంది. దక్షిణాది తోటలలో గంటల తరబడి గుంటల దగ్గర నిలబడి ఈ పని చేసింది ఎక్కువగా బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లు. అంటే అమెరికాలో ‘ప్రాంతీయ శైలి’ అని ముద్దుగా పిలుచుకునే తేడాలకు మూలం పశుసంపద, వలస, వెట్టి శ్రమ. విశాఖ విషయంలోనూ ఇదే దృష్టి మనకు పనికివస్తుంది.

మన దగ్గర ఈ వంటకు పాత మాటలు లేకపోలేదు. అమరకోశం శూలానికి గుచ్చి కాల్చిన మాంసాన్ని ‘శూల్యం’, ‘భటిత్రం’ అని, కుండలో ఉడికించినదాన్ని ‘ఉఖ్యం’, ‘పైఠరం’ అని వేరు చేసింది. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరున వెలువడిన ‘మానసోల్లాసం’లో అన్నభోగం అనే భాగం ఉంది. నిప్పుల మీద మాంసం కాల్చే పద్ధతులు అందులో వివరంగా కనిపిస్తాయి. ఇవి రాజుల వంటశాలకు, పండితుల నిఘంటువుకు సంబంధించిన ఆధారాలు. జనం మాట వెతకాలంటే ‘తంపటి’ దగ్గరికి రావాలి. తేగలను, చిలగడదుంపలను మంటలో కప్పి కాల్చడాన్ని కోస్తా పల్లెల్లో తంపటి వేయడం అంటారు. అమరసింహుడికి ఈ మాటతో పనిపడలేదు గానీ, ఈ పాఠం చదివే మీలో చాలామందికి అది అమ్మమ్మ ఊళ్లోనే తెలిసి ఉంటుంది.

3. బొంగులో కోడి

అరకు, అనంతగిరి, పాడేరు ప్రాంతాలు 2022 ఏప్రిల్ 4 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. బగత, వాల్మీకి, కొండదొర, కోటియ, గదబ, పోర్జ, కోదు మొదలైన ఆదివాసీ సమూహాలు ఇక్కడ నివసిస్తున్నాయి. గోదావరికి దగ్గరగా ఉన్న మారేడుమిల్లిలో కొండరెడ్లు ఉన్నారు. బొంగు వంటకు అరకు, మారేడుమిల్లి రెండూ పేరుపడ్డాయి.

పద్ధతి ఇది. పచ్చి వెదురును ఒక కణుపు అడుగున ఉండేలా కోస్తారు. కణుపే పాత్రకు అడుగు. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన కోడి ముక్కలను అందులో కూరుతారు. మూతిని అడ్డాకులు లాంటి ఆకులతో బిగిస్తారు. తరవాత బొంగును మంటకు ఏటవాలుగా ఆనించి, అన్ని వైపులా కాలేలా అరగంటకు పైగా తిప్పుతారు. నూనె వేయరు, నీళ్లూ పోయరు.

మరి మాంసం ఎలా ఉడుకుతుంది? పచ్చి వెదురు గోడలలో నీరు ఉంటుంది, మాంసంలోనూ ఉంటుంది. వేడికి ఆ నీరు ఆవిరవుతుంది. మూతి బిగించి ఉండడంతో చాలావరకు లోపలే నిలుస్తుంది. నీరు మిగిలి ఉన్నంతసేపు లోపలి వేడి నీరు మరిగే స్థాయికి పెద్దగా మించదు. అందువల్ల బయట బొంగు నల్లగా బొగ్గవుతున్నా లోపల ముక్క మాడదు. కచ్చితంగా చెప్పాలంటే ఇది కాల్చిన కోడి కాదు, ఆవిరి మీద ఉడికిన కోడి. అమరకోశం గీసిన శూల్యం, ఉఖ్యం అనే గీతకు ఇది సరిగ్గా మధ్యన పడుతుంది. మంట కాల్చే వంటలోది, పాత్ర ఉడికించే వంటలోది.

ప్రతి వెదురూ దీనికి పనికిరాదు. మన అడవులలో ప్రధానంగా రెండు రకాలు దొరుకుతాయి. సాధనపు వెదురు దాదాపు గట్టిగా ఉంటుంది, లోపల ఖాళీ తక్కువ. కర్రలకు, నిచ్చెనలకు అది మంచిది. లోపల వెడల్పుగా గుల్ల ఉండేది ముళ్ల వెదురు. దానికి బొంగు వెదురు అనే పేరు కూడా ఉంది. వంటకు కావలసింది ఇలాంటి గుల్ల వెదురే. అదీ పచ్చిగా, అప్పుడే కొట్టినది కావాలి. ఎండిన బొంగు మంటకు పగిలిపోతుంది. పైగా ఒక బొంగు ఒక్కసారికే పనికివస్తుంది. రోజుకు వంద కోళ్లు అమ్మే రోడ్డు పక్కకు రోజూ కొత్త వెదురు రావలసిందే. కాబట్టి ఈ వంట చరిత్రను వెదురు మీద హక్కు చరిత్ర నుంచి విడదీయలేం.

ఆ హక్కు తిన్నగా సాగలేదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో ప్రభుత్వం అడవులను రిజర్వు చేయడం మొదలుపెట్టింది. పోడు మీద, కలప మీద, మేత మీద ఆంక్షలు వచ్చాయి. 1922-24 మధ్య అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో సాగిన మన్యం తిరుగుబాటుకు ఈ ఆంక్షలు, రోడ్ల పనిలో వెట్టి ముఖ్య కారణాలని మీకు తెలుసు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా, వృక్షశాస్త్రం గడ్డి జాతిలో చేర్చిన వెదురును 1927 అటవీ చట్టం చెట్టుగానే లెక్కగట్టింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయంలో చేర్చి, దాన్ని సేకరించి అమ్ముకునే హక్కును అడవిబిడ్డలకు గుర్తించింది. 2017 చివరలో కేంద్రం 1927 చట్టాన్ని సవరించి వెదురును చెట్ల జాబితా నుంచి తొలగించింది. అడవి వెలుపల పెంచే వెదురుకు దీనితో వెసులుబాటు కలిగింది.

బొంగు వంట ఎంత పాతది? ఇక్కడ ఆధారాల స్వభావాన్ని గమనించండి. మట్టికుండ పగిలినా పెంకు మిగులుతుంది. పురావస్తు శాస్త్రజ్ఞుడు దాన్ని బట్టి కాలం చెబుతాడు. బొంగు వంటలో పాత్ర వంటతోపాటే కాలిపోతుంది. తవ్వకాలలో అది దొరకాలని ఆశించడం అత్యాశ. వేటకు వెళ్లినవాళ్లు కుండ మోసుకెళ్లనవసరం లేకుండా అడవిలోనే పాత్రను నరుక్కునేవారన్నది సహేతుకమైన ఊహ. చైత్రంలో వచ్చే ఇటుకల పండుగ నాడు మన్యంలో మగవాళ్లు వేటకు వెళ్లే ఆచారం ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరవాత వేట నిషిద్ధమైంది, కోడి మిగిలింది.

మరొక జాగ్రత్త కూడా అవసరం. ఒడిశాలోని కొరాపుట్ ప్రాంతంలో, నాగాలాండ్‌లో బొంగులో మాంసం వండుతారు. మలేసియాలోని సరవాక్‌లో ఇబాన్ ప్రజల ‘అయామ్ పన్సుహ్’ కూడా బొంగులో కోడే. ఇది చూసి గదబలకూ ఇబాన్లకూ చుట్టరికం కలపకూడదు. గుల్ల వెదురు, నిప్పు, కోడి మూడూ ఉన్నచోట ఈ ఆలోచన ఎవరికైనా రావచ్చు. ఒకే వంట కనిపించినంత మాత్రాన ఒకే మూలం అని తేల్చడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు.

ఇంటి వంట అమ్మకపు సరుకు ఎలా అయింది? దీనికి జవాబు రైలులో ఉంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపానుకు పంపడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేశారు. ఆ రైలు బొర్రా, అరకు మీదుగా పోతుంది. ఖనిజం కోసం వేసిన దారిలో తరవాత పర్యాటకులు వచ్చారు. 2017లో అద్దాల పెట్టె జతచేశాక ఆ ప్రయాణమే ఒక ఆకర్షణ అయింది. రోడ్డు మీద కార్లు పెరిగాయి. ఘాట్ మలుపులలో బొంగుల వరస కూడా పెరిగింది. 1971లో డాక్టర్ బి.వి.రావు స్థాపించిన వెంకటేశ్వర హేచరీస్ వంటి సంస్థల వల్ల బ్రాయిలర్ కోడి చౌకై కొండల మీదికీ చేరింది. ఇప్పుడు అరకు రోడ్డు మీద బొంగులో ఉడికేది చాలావరకు మైదానం నుంచి వచ్చిన బ్రాయిలరే. నాటుకోడి అడిగితే ధర వేరు.

ఈ అమ్మకంలో ఆదివాసులు నిలబడగలగడానికి ఇంకో కారణం ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాలలో స్థిరాస్తి గిరిజనేతరులకు బదిలీ కాకుండా 1970 నాటి భూబదిలీ నిబంధన, జనం మాటలో 1/70 చట్టం, అడ్డుకుంటుంది. బొర్రా పరిసరాల గనుల లీజుల నుంచి పుట్టిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఈ రక్షణను ప్రభుత్వ భూములకూ వర్తింపజేసింది. ప్రైవేటు గనుల కంపెనీలకు ఆ భూములను లీజుకివ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. గనుల గురించి వచ్చిన ఆ తీర్పుకూ, రోడ్డు పక్కన కోడి అమ్మే మహిళకూ ఏమిటి సంబంధం అని మీకు అనిపించవచ్చు. నగరంలోని పెద్ద హోటలు అరకులో నేరుగా భూమి కొని ఆమె పొయ్యి పక్కనే పొయ్యి పెట్టలేకపోవడానికి కారణం ఈ చట్టమే. ఉల్లంఘనలు లేవని కాదు. బినామీ పేర్లతో నడిచే వసతి గృహాల మీద ఫిర్యాదులు ఎప్పుడూ ఉన్నాయి.

అయితే చట్టం భూమిని కాపాడుతుంది, వంటను కాపాడదు. విశాఖ, హైదరాబాదు హోటళ్ల జాబితాలలో బొంగు చికెన్ చేరి చాలా కాలమైంది. కొన్నిచోట్ల నిజంగానే పచ్చి బొంగులో వండుతారు. కొన్నిచోట్ల గిన్నెలో వండిన నూనె కూరను బొంగులో పోసి బల్ల మీదికి తెస్తారు. పైన చెప్పిన ఆవిరి సూత్రం తెలిసినవారికి ఈ రెండో రకం బొంగు చికెన్ అలంకరణ మాత్రమే.

హైదరాబాదు హలీముకు 2010లో, అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బొంగు చికెన్‌కు కూడా అలాంటి రక్షణ కావాలనే మాట వినిపిస్తుంది. అది అంత సులువు కాదని మా అభిప్రాయం. భౌగోళిక గుర్తింపు ఒక హద్దుకు, ఆ హద్దులోని ఉత్పత్తిదారులకు ఇస్తారు. అరకు, మారేడుమిల్లి, కొరాపుట్ మూడు చోట్లా ఉన్న వంటకు హద్దు ఎక్కడ గీస్తారు? గీసినా, సంఘంగా నమోదయ్యేది రోడ్డు పక్కన వండేవాళ్లా, పట్నం వ్యాపారులా?

మీ ప్రగతిని సమీక్షించుకోండి: బొంగు చికెన్‌ను ‘కాల్చిన వంట’ అనవచ్చునా? వెదురుపై హక్కుకూ ఈ వంటకూ గల సంబంధాన్ని ఐదు వాక్యాలలో రాయండి.

4. చీకుల బండి

కొండ దిగి పట్నంలోకి వద్దాం. చీకు అనే మాట పారశీకంలోని ‘సీఖ్’ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. అర్థం ఇనుప చువ్వ. చువ్వ పేరు ముక్కకు అంటుకుంది. తెలుగువాళ్లు దానికి బహువచనం చేర్చి ‘చీకులు’ అన్నారు. ఉత్తర సర్కారులు 16వ శతాబ్ది చివరి నుంచి గోలకొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఉన్నాయి. ఫౌజుదారుల కేంద్రమైన శ్రీకాకుళంలో 17వ శతాబ్ది నాటి మసీదు నేటికీ ఉంది. పారశీక, ఉర్దూ మాటలు ఈ తీరానికి చేరడానికి అంతకంటే విశాలమైన దారి అక్కరలేదు. హైదరాబాదులో సీక్ కబాబు అంటే కొట్టి మెత్తగా చేసిన ఖీమా, సుగంధ ద్రవ్యాలు, విందు. కోస్తాలో చీకు అంటే చిన్న మటన్ ముక్క, కార్జం, కందనకాయ. ఉప్పూ కారం, పైన నిమ్మరసం, పక్కన ఉల్లిపాయ చక్రాలు. ఇంటి వంటకు అంతగా అమ్ముడుపోని భాగాలను ఆ రోజే కాల్చి అమ్మేసే చౌక ఏర్పాటు ఇది. రేవు కూలీకి, రిక్షా కార్మికుడికి అందుబాటులో ఉండే మాంసం.

చీకుల బండి ఎక్కడ ఉంటుందో నిర్ణయించేది ఎక్సైజు విధానం. బండికి మద్యం దుకాణమే నీడ. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు 1992లో మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. 2019లో దుకాణాలను ప్రభుత్వమే తీసుకుని, పక్కనే కూర్చుని తాగే పర్మిట్ గదులను ఎత్తివేసింది. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు దుకాణాలు వచ్చాయి. ఈ తేదీలు మద్యం గురించి చదివేటప్పుడు మీకు ఒక అర్థమిస్తాయి. బండి వెనక నిలబడి చూస్తే ప్రతి తేదీకీ కొనేవాడు మాయమవడం, చోటు మారడం, కొత్త మూల వెతుక్కోవడం అనే అర్థం వస్తుంది. 2014 వీధి వ్యాపారుల చట్టం సర్వే పూర్తి చేసి గుర్తింపు పత్రాలిచ్చేదాకా ఎవరినీ తొలగించరాదంది. అయినా నగరం ముస్తాబు కావలసిన ప్రతిసారీ ముందు కదిలేది బండే.

5. తందూరు

తందూరు గురించి క్లుప్తంగా చెబితే చాలు. కాళీబంగన్ వంటి సింధు నాగరికత స్థలాలలో తందూరును పోలిన మట్టి పొయ్యిలు దొరికాయి. హోటలు వంటకంగా దీని ఆధునిక చరిత్ర దేశ విభజనతో ముడిపడి ఉంది. పెషావరు నుంచి వచ్చిన కుందన్‌లాల్ గుజ్రాల్, ఆయన భాగస్వాములు 1947లో ఢిల్లీ దరియాగంజ్‌లో మోతీమహల్ ప్రారంభించారు. అక్కడి తందూరీ కోడి దేశమంతా పాకింది.

విశాఖకు దీన్ని తెచ్చింది రుచి కంటే రొట్టె తినే జనం అనడం సబబు. తందూరు ముందుగా రొట్టె పొయ్యి. కోడి తరవాత చేరింది. 1933లో రేవు తెరిచాక బయటివాళ్లు రావడం మొదలైంది. 1968లో తూర్పు నావికా కమాండ్ ఏర్పడడంతో అన్ని రాష్ట్రాల నావికులు ఇక్కడ స్థిరపడ్డారు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో సాగిన ఉద్యమం తరవాత 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగిన కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న జాతికి అంకితం చేశారు. దాని నిర్మాణం సాగిన కాలంలో ఇంజినీర్లు, కార్మికులు ఉత్తరాది నుంచీ వచ్చారు. కలకత్తా–మద్రాసు రహదారి మీద లారీలు రాత్రింబగళ్లు తిరిగాయి. వీళ్లందరికీ రాత్రి భోజనంలో రొట్టె కావాలి. ధాబా వెలిసింది ఆ అవసరం మీదనే.

6. బల్ల మీద కుంపటి

ఇక బార్బెక్యూ భోజనశాలలు. బార్బెక్యూ నేషన్ 2006లో ముంబయిలో మొదలైంది. హైదరాబాదులో పుట్టిన అబ్సల్యూట్ బార్బెక్యూస్ ఆ తరవాతి సంవత్సరాలలో అదే దారి పట్టింది. తలకు ఇంత అని ధర, ఎంత తిన్నా అంతే, బల్ల మీదే నిప్పు. ఈ నమూనా విశాఖకూ చేరింది. పేరు తైనోలది, వంట మాత్రం చాలావరకు కబాబు, టిక్కా. గంటల తరబడి పొగలో మగ్గించే అమెరికా పద్ధతికీ దీనికీ పేరులో తప్ప పోలిక తక్కువ. వంటలో సింహభాగం లోపలి వంటగదిలోనే అయిపోతుంది. బల్ల దగ్గరి నిప్పు వేడి చల్లారకుండా చూడడానికి, కొంత సరదాకూ.

ఆ సరదాకు డబ్బు ఎందుకు చెల్లిస్తున్నామో ఆలోచించండి. కట్టెల పొయ్యి ఉన్న రోజుల్లో కాల్చడం వేరే వంట కానేకాదు. అన్నం వార్చాక మిగిలిన నిప్పుల మీద జాలరిపేటలలో ఎండుచేపను, పల్లెలో వంకాయను, అప్పడాన్ని పడేసేవారు. గంజిలోకి అది నంజు. ఖర్చు లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్వల పథకం గ్యాసును పేద ఇళ్లకు చేర్చాయి. ఆడవాళ్ల కళ్లూ ఊపిరితిత్తులూ పొగ నుంచి కొంత తప్పించుకున్నాయి. ఇది చిన్న మేలు కాదు. దానితోపాటు వంటింట్లో నిప్పు కణికలు లేకుండా పోయాయి. ఎండుచేప ఇప్పుడు పెనం మీదికి చేరింది. అపార్టుమెంటులో అయితే వాసన వస్తుందని అదీ మానేశారు. ఇంట్లో నిప్పు ఆరిపోయిన తరం వాళ్లే ఇవాళ సెలవు రోజున కుటుంబంతో వెళ్లి బల్ల మీద కుంపటికి డబ్బు కడుతున్నారు.

క్షేత్రకార్యం: మీ ఊళ్లో నిప్పుల మీద మాంసం, చేప లేదా మొక్కజొన్న కాల్చి అమ్మే ఒకరిని ఎంచుకోండి. బొగ్గు లేదా కట్టె ఎక్కడి నుంచి వస్తుందో, ఎంతకు కొంటారో, ఇప్పటి చోటుకు ముందు ఎక్కడ అమ్మేవారో, ఎందుకు మారవలసి వచ్చిందో అడిగి రాసుకోండి. పేరు, ఫోన్ నంబరు రాయవద్దు. అడిగే ముందు ఏదైనా కొనండి; గిరాకీ వేళలో ప్రశ్నలు వేయకండి.